దుంగ లాగే మూడో మనిషి

సెలవు మీద నిర్మల్ వెళ్లిన ప్రతిసారీ అందరూ అడిగేది ఒకటే. "పదకొండేండ్లాయె, సౌదీల ఏం జూసినవ్ గంగాధరూ?" ఇన్నాళ్లూ నా దగ్గర ఒకే జవాబు ఉండేది: కార్ల డోర్లు. నజ్రాన్‌లో గుద్దుకున్న కార్లను బాగుచేసే షాపులో స్ప్రే పెయింటర్‌ని నేను. పొద్దున తెల్ల డోరు, మధ్యాహ్నం తెల్ల బానెట్టు, సాయంత్రం తెల్ల బంపరు. ఇక్కడ కార్లు కొనేవాళ్లకు తెలుపు తప్ప ఇంకో రంగు ఉందని ఎవరూ చెప్పినట్టు లేదు.

ఈ చలికాలంతో నా జవాబు మారింది. ఈ దేశాన్ని ఆ మూల నుంచి ఈ మూల దాకా, నజ్రాన్ నుంచి ధహ్రాన్ వరకు, నారింజపళ్ల లారీలో నాలుగు రోజులు తిరిగాను. బట్ట మీద వేసిన ఎనిమిదడుగుల ఫిలిప్పీన్స్ బొమ్మ ఒకటి మాతో వచ్చింది. ఆ బొమ్మలో నేనూ ఉన్నాను. దుంగ లాగుతున్న వాళ్లలో ముందు నుంచి మూడో మనిషిని. చొక్కా లేదు, కండలు బాగా ఉన్నాయి. కండలు నావి కావు గానీ ముఖం నాదే. ఒట్టు.

నజ్రాన్: దుప్పట్లు చుట్టుకున్న వీరులు

మా షాపు పక్కనున్న నీళ్ల ప్లాంటులో డానిలో అనే ఫిలిప్పీన్స్ ఆయన డ్రాఫ్ట్స్‌మన్. ఇరవై రెండేళ్లుగా పైపులైన్లు గీస్తున్నాడు. వాళ్ల భాషలో అన్నను కుయా అంటారు కాబట్టి నేను ఆయన్ని కుయా డానీ అంటాను. మేం మాట్లాడుకునేది హిందీ, అరబీ, ఇంగ్లీషు కలిపి ఉడికించిన కిచిడీ. మీ కోసం అంతా తెలుగులోనే రాస్తున్నాను.

కుర్రతనంలో ఆయన మనీలాలో బొమ్మల కాలేజీలో చదివాడు. రెండేళ్లు చదివి, ఇంట్లో ఇబ్బందై, వీసా దొరకగానే వచ్చేశాడు. రెండేళ్ల కింద ఒక శుక్రవారం మా షాపు వెనక రేకుల షెడ్డు చూసి, "ఇక్కడ ఒక పెద్ద బొమ్మ వేసుకోనా?" అని అడిగాడు. పెద్దదంటే తలుపంత అనుకున్నాను. మొత్తం గోడంత బట్ట తెచ్చి బిగించాడు.

వాళ్ల దేశాన్ని స్పెయిన్ వాళ్లు మూడొందల ఏళ్లకు పైగా ఏలారట. పెద్ద పెద్ద ఓడలు కట్టడానికి అడవుల్లో చెట్లు నరికించి, ఊళ్ల మగవాళ్లతో సముద్రం దాకా వెట్టికి లాగించేవారట. వెట్టి అనగానే నాకు ఇంకో ముక్క చెప్పాల్సిన పని లేకపోయింది. మా తాత కథే అది, సముద్రం ఒక్కటే తక్కువ.

తర్వాతి కాలంలో వాళ్ల కుర్రాళ్లు కొందరు ఓడెక్కి స్పెయిన్, ఇటలీ వెళ్లి, ఏలినవాళ్ల దగ్గరే బొమ్మలు నేర్చుకున్నారని చెప్పాడు. అక్కడ నేర్చుకున్నవి రెండు పద్ధతులు. ఒకటి నియోక్లాసికల్. రాతి విగ్రహాల్లాంటి ఒళ్లు, మడతలు లెక్కపెట్టగలిగిన బట్టలు, వెనకో స్తంభం. అందులో ఏడ్చేవాడు కూడా కొలత ప్రకారం ఏడవాలి. రెండోది రొమాంటిక్. ఉరుములు, చీకటి, నెత్తురు, కట్ట తెగిన బాధ. ఏలినవాళ్ల కుంచెతో ఏలినవాళ్లనే నిలదీశారని చెబుతున్నప్పుడు కుయా డానీ కాలర్ సర్దుకుంటాడు, తానే నిలదీసినట్టు. "నా బొమ్మలో నేల క్లాసికల్, ఆకాశం రొమాంటిక్" అన్నాడు.

బొమ్మకు మనుషులు కావాలి. మా క్యాంపులో మనుషులకేం కొదవ! జగిత్యాల మేస్త్రీలు, నిజామాబాద్ ప్లంబర్లు, అందరం శుక్రవారం అన్నం తినగానే కంపెనీ దుప్పట్లు నడుముకు చుట్టుకుని తాడు పట్టుకుని నిలబడేవాళ్లం. దెబ్బ తిని పడిపోయిన మనిషిగా ఎల్లయ్య పడుకున్నాడు. పడుకున్న ఐదు నిమిషాలకు గురక పెట్టేవాడు. అంత సహజంగా చచ్చిపోయిన మనిషిని వాళ్ల కాలేజీలో కూడా చూడలేదని కుయా డానీ మెచ్చుకున్నాడు.

చిక్కల్లా విరిగిన స్తంభం పక్కన నిలబడే తల్లితో వచ్చింది. ఆమే వాళ్ల దేశం. తెల్లని బట్ట భుజం మీద నుంచి జారాలి. మా క్యాంపులో ఆడమనిషి నీడ కూడా లేదు. చివరికి ప్రొద్దుటూరు మస్తాన్ భాయ్‌ని బతిమాలుకున్నాం. సన్నగా, పొడుగ్గా ఉంటాడు, డైనా నడుపుతాడు. ఇక్కడ చిన్న లారీ ఏదైనా డైనాయే. ముఖం వేరే గీస్తానని ప్రమాణం చేయించుకుని దుప్పటి కప్పుకున్నాడు.

"ఇంటికాడ తెలిసిందంటే నా పెండ్లాం గడప తొక్కనీదు సామీ" అన్నాడు. "ఇంతకీ దీన్ని రొమాంటిక్ అంటాండారు గదా, హీరోయిన్ యాడ?"

"నువ్వే గద భాయ్."

ఆ మాటకు నాతో రెండు వారాలు మాట్లాడలేదు.

బొమ్మ పూర్తయ్యింది. ధహ్రాన్‌లో ఫిలిప్పీన్స్ వాళ్లంతా కలిసి శనివారం ఒక హాల్లో బొమ్మల ప్రదర్శన పెడుతున్నారు. దాన్ని ప్రారంభించేది కుయా డానీ పాత టీచరు, మామ్ లూర్దెస్. టీచరమ్మను వాళ్లు మామ్ అంటారు. కొడుకు దగ్గరికి విజిట్ వీసా మీద వచ్చిందట. ఇంకో నెలలో కుయా డానీకి ఫైనల్ ఎగ్జిట్, అంటే కార్డు వాపసిచ్చి శాశ్వతంగా ఇంటికి. మస్తాన్ భాయ్ అదే వారం నజ్రాన్ నారింజపళ్లు ధహ్రాన్ పక్కనే ఉన్న దమ్మామ్ మార్కెట్‌కి తోలుతున్నాడు. అన్నీ ఒక్కసారి కలిసొచ్చాయి.

ఇక నా ఘనకార్యం. మాది నిర్మల్‌లో నకాషీ కుటుంబం. తరాలుగా కర్రబొమ్మలకు, పలకలకు రంగులేసే ఇల్లు. చివరి మెరుపు పూత పడనిదే మా నాన్న ఏ బొమ్మనూ గడప దాటనిచ్చేవాడు కాదు. "పూత లేని బొమ్మ స్నానం జెయ్యని పెండ్లికొడుకు" అనేవాడు. కుయా డానీ బొమ్మ మసకగా, మెరుపు లేకుండా వెళ్లిపోతుంటే నా ప్రాణం ఆగలేదు. మంగళవారం మధ్యాహ్నం ఆయన సెలవు కాగితం కోసం ఆఫీసుకు వెళ్లాడు. నేను స్ప్రే గన్ను తీసుకుని, కార్లకు చివర్లో కొట్టే మెరుపు పూత, క్లియర్ కోటు, బొమ్మంతా రెండు సార్లు కొట్టేశాను. ఆహా, ఏం మెరిసింది! నా కండలు ఇంకా పెరిగాయి. ధహ్రాన్‌లో విప్పినప్పుడు చూసి ఆశ్చర్యపోవాలని నేనే దుప్పటి, దాని మీద లారీ సరుకు మీద వేసే తాటిపత్రి కప్పి కట్టేశాను.

హిమా: దారినపోయిన వాళ్ల పేర్లు

బుధవారం తెల్లవారుతూనే బయల్దేరాం. ముందు సీట్లో ముగ్గురం, వెనక నారింజ పెట్టెలు, వాటికి పక్కగా నిలువునా బొమ్మ. లారీ అంతా నారింజ వాసన. మస్తాన్ భాయ్ నడుపుతూనే ఒలుస్తాడు, ఒలుస్తూనే తింటాడు, తింటూనే గింజలు కిటికీలోంచి ఊస్తాడు.

ఊరికి ఉత్తరాన హిమా అనే చోట పాత బావులు, వాటి పక్కన రాళ్ల గుట్టలు ఉన్నాయి. వేల ఏళ్ల కింద ఒంటెల గుంపులు నీళ్లకు ఆగేవట. ఆగినవాళ్లు ఊరికే ఉండలేదు. రాళ్ల నిండా ఒంటెలు, ఆవులు, జుట్టు విరబోసుకున్న వేటగాళ్లు, ఏవేవో పాత లిపులు చెక్కి పెట్టారు. అక్కడి కాపలా ముసలాయన ఫ్లాస్కులోంచి గహ్వా పోసి, చేతి నిండా ఖర్జూరాలు పెట్టాడు. గహ్వా అంటే ఇక్కడి కాఫీ. యాలకులు దండిగా ఉంటాయి, చక్కెర ఉండదు. మొదటిసారి తాగేవాడికి కషాయం. పదకొండేళ్లు తాగాక ఇప్పుడు నాకు ఇంట్లో చాయ్ పాయసంలా ఉంటోంది.

"ఏం రాశారు బాబా?" అని ఒక రాతిని చూపించి అడిగాను.

"చదివిన పెద్దలు చెప్పారు. ఎక్కువ పేర్లే. ఫలానావాడి కొడుకు ఫలానా అని. అంతే."

కుయా డానీ ఆ రాతి ముందు చాలాసేపు నిలబడ్డాడు. "చూశావా గంగా, ఒంటె బొమ్మ వేసినవాడు కూడా పేరు పెట్టుకున్నాడు. నువ్వు వేసిన కర్రబొమ్మల మీద పేరు రాసేవాడివా?"

"మా ఇండ్లల్ల ఎవరూ రాయరు కుయా. బొమ్మ మాట్లాడాలె, పేరు గాదు అంటడు మా నాయన."

"మీ నాన్న బొమ్మలు ఎన్ని ఉంటాయి?"

వేలు ఉంటాయి. ఢిల్లీలో ఉంటాయి, హైదరాబాద్ పెద్ద హోటళ్లలో ఉంటాయి. ఏది మా నాన్నదో, ఏది మా పెదనాన్నదో చెప్పగలిగినవాడు లోకంలో నేనొక్కడినే. అది చెప్తే కుయా డానీ నా భుజం మీద చెయ్యి వేశాడు.

చెక్‌పోస్టు: ఫిరోజా ఉంగరం

ఎండ ఎక్కాక చెక్‌పోస్టు వచ్చింది. ముగ్గురి ఇకామాలు అడిగారు. ఇకామా అంటే ఇక్కడ ఉండేందుకిచ్చే కార్డు. అది లేకపోతే మనిషి లేనట్టే. కుయా డానీ కార్డు కనబడలేదు. సంచి అంతా సీటు మీద బోర్లించి వెతుకుతున్నాడు. (తర్వాత తేలిందేమిటంటే దాని మీదే కూర్చున్నాడు.) ఈలోగా కుర్ర పోలీసాయన వెనక్కి వచ్చి తాటిపత్రిని కర్రతో పొడిచాడు. "వెష్ హాదా?" ఏమిటిది అని.

బొమ్మ అన్నాను. విప్పమన్నాడు. కింది నుంచి సగం దాకా పైకెత్తాను.

ఆయన కళ్లు పెద్దవయ్యాయి. దుప్పట్లు కట్టుకున్న మనుషుల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. నా ఇకామా మీది ఫోటో చూశాడు, నన్ను చూశాడు, దుంగ లాగే మూడో మనిషిని చూశాడు. "హాదా ఎంతా?" నువ్వేనా ఇది? అవునన్నాను. ఆయన చెయ్యి మడిచి కండ చూపించి, నా చెయ్యి నొక్కి చూసి, "మాఫీ!" అని పెదవి విరిచాడు. లేదట.

అప్పుడు తెల్లబట్ట తల్లి వంతు వచ్చింది. ఆమె చేతి వేలికి ఫిరోజా అనే నీలాకుపచ్చ రాయి ఉంగరం. కార్డు చాచి నిలబడ్డ మస్తాన్ భాయ్ వేలికీ అదే ఉంగరం. పోలీసాయన చూపు ఆ ఉంగరం నుంచి ఈ ఉంగరానికి, ఈ ఉంగరం నుంచి ఆ ఉంగరానికి మూడుసార్లు తిరిగింది. మస్తాన్ భాయ్ చెయ్యి వెనక్కి దాచుకున్నాడు. అంతే, ఆ కుర్రాడు టోపీ తీసి పట్టుకుని, లారీ చక్రానికి ఆనుకుని నవ్వడం మొదలుపెట్టాడు. ఇంకో ఇద్దరిని కేకేసి పిలిచాడు. వాళ్లూ నవ్వారు. నాకూ నవ్వాగలేదు.

"నవ్వు, బాగా నవ్వు. దోవలో నిన్ను ఎడారిలో దించి పోతా" అన్నాడు మస్తాన్ భాయ్ పళ్ల సందున.

నవ్వుతూనే ఆ కుర్రాడు తాటిపత్రి ఇంకా పైకి లేపాడు. "బొమ్మ బాగుంది. మరి ఆకాశానికి ఏమైంది?"

చూశాను. ఆకాశమంతా ముడతలు పడి ఉంది. పాలమీద మీగడ చెంచాతో తోసినట్టు రంగు కుచ్చులు కుచ్చులుగా లేచింది. మనుషుల్ని వేసి ఏడాది దాటింది కాబట్టి ఆ రంగు గట్టిపడి క్లియర్ కోటును తట్టుకుంది. ఆకాశం వేసి నెల కూడా కాలేదు. ఆయిల్ రంగు లోపల ఇంకా పచ్చిగా ఉంది. దాని మీద నేను థిన్నర్ కలిపిన కార్ల పూత కొట్టాను! కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ వైద్యుణ్ణి నేనే.

"దొరికింది!" అని ముందు నుంచి కుయా డానీ కార్డు ఊపుతూ కేక వేశాడు. గబగబా తాటిపత్రి దించి తాళ్లు బిగించేశాను. పక్కనే నిలబడి చూసిన మస్తాన్ భాయ్‌కి మాత్రం నా ఘనకార్యం చెప్పక తప్పలేదు.

వాదీ దవాసిర్: కోడి, అన్నం, ఒక మాట

సాయంత్రం వాదీ దవాసిర్‌లో ఆగాం. ముగ్గురికీ ఒకే పళ్లెంలో కోడి ఖబ్సా, ఇక్కడి బిర్యానీ. సగం కోడి ఇరవై రియాల్ల లోపే, అన్నం ఎంతైనా పెడతారు. మన దగ్గర ఎవరి విస్తరి వారిది. ఇక్కడ కొండంత అన్నం మధ్యలో పెట్టుకుని చుట్టూ కూర్చుంటారు. మంచి ముక్కను ఎదుటివాడి వైపు తొయ్యడం మర్యాద. కుయా డానీ మంచి ముక్కలన్నీ నా వైపే తోస్తున్నాడు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చుని తింటున్నాను.

"కాలేజీ మానేసే రోజు మామ్ లూర్దెస్ దగ్గరికి వెళ్లాను" అన్నాడాయన. "ఏడ్చాను. ఆమె ఏడవలేదు. ఒక్క పెద్ద బొమ్మ పూర్తిచేసి నాకు చూపించు, చూపించేదాకా నువ్వు నా విద్యార్థివే అంది. ఇరవై రెండేళ్లు గంగా! ఆమెకు ఇప్పుడు ఎనభై దగ్గరపడ్డాయి. వచ్చే నెల నేను వెళ్లిపోతాను, ఈ బొమ్మను విమానంలో తీసుకుపోయే స్తోమత నాకు లేదు. శనివారం ఒక్కటే ఉంది."

మస్తాన్ భాయ్ బల్ల కింద నా కాలు తొక్కాడు. చెప్పమని. నేను ఇంకో ముద్ద నోట్లో పెట్టుకున్నాను. లారీ దగ్గరికి వచ్చాక నా మీద విరుచుకుపడ్డాడు.

"ఏమబ్బా, ఆ మనిషి నోట్లో ముద్ద తీసి నీకు పెడతాంటే ఎట్లా మింగుతాండావు నువ్వు?"

మర్నాడు గురువారం రియాద్ దాకా రోడ్డు ఎంత తిన్నగా ఉందో నేను అంత వంకరగా కూర్చున్నాను. కుయా డానీ మాత్రం వాళ్ల భాషలో పాటలు పాడాడు, ఒంటెలకు చెయ్యి ఊపాడు, ఇసుక మీద వెలుగు చూపించి ఇది రొమాంటిక్, అది క్లాసికల్ అని విభజించాడు. పెట్రోలు బంకు వెనక గోడ నీడ క్లాసికల్‌ట.

బతా: పైకి లాగిన బొమ్మ

రియాద్‌లో బతా బజారు చేరితే సగం మన ఊరు చేరినట్టే. తెలుగు బోర్డులు, మలయాళం మెస్సులు, బెంగాలీ కూరగాయలు. కాలిబాట మీద గోంగూర కట్ట రెండు రియాల్లంటే వాసన చూసి వదిలేసి, మళ్లీ వెనక్కి వచ్చి కొన్నాను. మా చచ్చిపోయిన మనిషి, అంటే ఎల్లయ్య, ఏడాదిగా ఇక్కడే పని చేస్తున్నాడు. అతని గదిలో మా బస.

లారీ దగ్గర కుయా డానీ తాళ్లు విప్పబోతుంటే ఇక ఆగలేకపోయాను. చెయ్యి పట్టుకుని మొత్తం చెప్పేశాను. నిన్న పోలీసు చూసినప్పుడే నాకు తెలుసని కూడా చెప్పాను. ఆయన తాటిపత్రి ఎత్తి చూశాడు. ఆకాశాన్ని వేలితో ముట్టుకున్నాడు. అరిస్తే బాగుండేది. తాటిపత్రి వదిలేసి జనంలోకి నడిచి వెళ్లిపోయాడు.

ఎల్లయ్య మెట్లు దిగి వచ్చి చూశాడు. "ఏందిరా గిది? మొగులు మొత్తం గొడ్డు తోలు లెక్క అయ్యింది గద! పాపం పెద్దమనిషి. నేను మాత్రం సచ్చి మంచిగనే ఉన్న." నా వైపు తిరిగి, "నువ్వు నకాషోళ్ల పిలగానివి గాదు రా? ఊకె నిలబడితె ఎట్ల?" అన్నాడు.

గంటన్నరకు కుయా డానీ వచ్చాడు. చేతిలో సంచి. అందులో గీకే కత్తులు, తొందరగా ఆరే రంగులు, సన్న కుంచెలు, ఒక సీసాలో బంగారు పొడి.

"మామ్ క్లాసులో ఒక పద్ధతి ఉండేది" అన్నాడు నా ముఖం చూడకుండా. "ఇంకొకడి బొమ్మ పాడుచేసినవాడే బాగుచెయ్యాలి. ఆయిల్ ఆరడానికి టైము లేదు. మీ ఊరి పద్ధతిలో చెయ్యి. నాకు కోపం పోలేదు. కానీ చెయ్యి."

శుక్రవారం పొద్దున బొమ్మను మేడ మీదికి ఎక్కించాలి. మెట్ల మలుపులో పట్టలేదు. ఎల్లయ్య తాళ్లు తెచ్చాడు. వీధిలోంచి బయటి గోడ వెంట లాగుదామన్నాడు. శుక్రవారం బతాలో జనానికి లోటా? పైన ఎనిమిదిమందిమి తాడు పట్టాం. ఇద్దరు పాకిస్తానీ డ్రైవర్లు, ముగ్గురు బెంగాలీలు, మిగతావాళ్లం మనమే. "హైలెస్సా" అని మేం, "జోర్ లగా" అని వాళ్లు. కింద నుంచి వందమంది సలహాలు. బొమ్మ మూడో అంతస్తు దగ్గర గిర్రున తిరిగి, ఎవరిదో ఆరేసిన లుంగీ చుట్టుకుని ఆగిపోయింది. లుంగీ ఓనరు కిటికీలోంచి తల పెట్టి, తెల్లబట్ట తల్లిని ఎదురుగా చూసి, "అయ్యో అమ్మా" అని దండం పెట్టాడు. నవ్వుతూనే లాగాం. కుయా డానీ మాత్రం పిట్టగోడ మీద కూర్చుని చేతికి దొరికిన అట్టముక్క మీద మమ్మల్ని గబగబా గీస్తున్నాడు. అప్పుడు చూశాను, ఆయన నవ్వుతున్నాడు.

నీళ్ల ట్యాంకుల మధ్య, ఆరేసిన బట్టల కింద పనిలోకి దిగాం. ముడతలు పడ్డ ఆకాశాన్ని కింది తెల్ల పూత దాకా గీకేశాం. నిర్మల్ బొమ్మకు పాత పద్ధతిలో నల్లని నేపథ్యం, దాని మీద బంగారు గీత. నేను నల్లటి నీలం ఒకే మట్టంగా పరిచాను. పదకొండేళ్లుగా గన్ను పట్టిన చెయ్యి కుంచె పట్టే తీరే మరిచిపోయింది. మొదటి గీత వానపాములా వచ్చింది. రెండోది కాస్త నయం. పదో గీతకు మా నాన్న మోకాలు నా వీపుకు తగిలినట్టే ఉంది, చిన్నప్పుడు వంకరగా గీస్తే అలాగే తోసేవాడు. ఆనందంతో నాకు ఏడుపొచ్చింది. ఏం దాచను, వచ్చింది.

"మబ్బు అంచు ఇంకా కోపంగా ఉండాలి!" అంటాడు కుయా డానీ. "మా దగ్గర మొగులుకు కోపం రాదు కుయా, ముద్దుగ ఉంటది." "మనుషులు దుంగ లాగుతుంటే ముద్దుగా ఉంటుందా?" అని ఆయన నా చేతిలోంచి కుంచె లాక్కుని మబ్బు చింపేవాడు. నేను ఆ చిరుగుకు బంగారు అంచు కట్టేవాణ్ణి. మధ్యలో ఎల్లయ్య గోంగూర పప్పు, అన్నం తెచ్చాడు. వెనిగర్‌లో వండే వాళ్ల కోడికూర గుర్తొస్తోందంటూ కుయా డానీ మూడుసార్లు వేయించుకున్నాడు. పొద్దు గూకే వేళకు ఆకాశం తయారైంది. అది క్లాసికలో రొమాంటికో మా ఇద్దరికీ తెలియలేదు.

ధహ్రాన్: మామ్ లూర్దెస్ భూతద్దం

శనివారం పొద్దున్నే బయల్దేరి మధ్యాహ్నానికి ధహ్రాన్. ఇంజనీర్లు ఉండే ఒక గేటెడ్ కాలనీ. గేటు దాటగానే పచ్చగడ్డి, చెట్లు, సైకిళ్లు. సౌదీ ఇంకో సౌదీని కడుపులో దాచుకున్నట్టుంది. హాలు నిండా ఫిలిప్పీన్స్ నర్సులు, మెకానిక్కులు, వంటవాళ్లు, వాళ్ల పిల్లలు. సీతాకోకరెక్కల చేతులున్న గౌన్లు వేసుకున్న ఆడవాళ్లు బల్లల మీద సేమ్యాలాంటి నూడుల్స్, కొబ్బరి మిఠాయిలు పరిచారు. తినకపోతే ఊరుకునేలా లేరు. గోడలకు ఇరవై పైనే బొమ్మలు. బంగారు ఎండలో వరికోతలు, దున్నపోతు మీద పిల్లవాడు, తుపానులో పడవలు. మన పల్లె బొమ్మలే అనిపించాయి.

మామ్ లూర్దెస్ చేతికర్రతో, మెడలో భూతద్దంతో వచ్చింది. నా భుజం దాకా కూడా రాదు. కుయా డానీ ఆమె చెయ్యి తీసుకుని నుదుటికి ఆనించుకున్నాడు. పెద్దలకు వాళ్లు అలా మొక్కుతారు. నాకు నచ్చి నేనూ అలాగే చేశాను.

ఆమె బొమ్మ ముందు నిలబడింది. హాలు సద్దుమణిగింది. ముక్కు బట్టకు తగిలేంత దగ్గరగా భూతద్దం పెట్టి ఎడమ నుంచి మొదలుపెట్టింది. నన్ను దాటింది. ఎల్లయ్య దగ్గర ఆగి, "ఇతను చావలేదు, నిద్రపోతున్నాడు" అంది. తల్లి దగ్గర ఇంకాసేపు ఆగింది. "ఈమె భుజాలు మగవాడివి." మస్తాన్ భాయ్ ఉంగరం తీసి జేబులో వేసుకున్నాడు.

అప్పుడు ఆకాశం. చాలాసేపు చూసింది. 

"డానిలో, ఇది నీ చెయ్యి కాదు."

తనదే అనవచ్చు. అక్కడ ఎవరికీ తెలియదు, నేను నోరు విప్పను. "కాదు మామ్" అన్నాడాయన. క్లియర్ కోటు నుంచి బతా మేడ దాకా మొత్తం చెప్పాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

"బొమ్మ పూర్తయింది" అందామె. "ఇక నుంచి నువ్వు నా విద్యార్థివి కాదు." కుయా డానీ రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. ఆమె కర్ర నా వైపు తిరిగింది. "నీ సంతకం ఎక్కడ?"

మా ఇళ్లలో సంతకం పెట్టరని చెప్పాను.

"మా చర్చిల్లో కూడా పెట్టేవారు కాదు. పాత బొమ్మల్లో ఏది ఎవరు వేశారో వెతకడానికే నా జీవితంలో సగం పోయింది. నా కళ్లూ పోయాయి. ఇంకో ముసలిదానికి ఆ కష్టం పెట్టకు. రాయి."

కుయా డానీ సన్న కుంచె బంగారంలో ముంచి నా చేతికిచ్చాడు. ఆయన సంతకం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాను. మా నాన్న వేల బొమ్మలు వేశాడు, ఒక్కసారైనా ఇలా కూర్చోలేదు. తెలుగులో రాశాను: గంగాధర్, నకాష్ ఎల్లప్ప కొడుకు, నిర్మల్. మా నాన్న పేరులో ఒక్క గీత వంకర పోలేదు. రాసి లేచాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

పేరు కింద పది అంకెలు కూడా ఉన్నాయి. నా ఇకామా నంబరు. జీతం కాగితం, మందుల చీటీ, సిమ్ కార్డు, సెలవు ఫారం, ఈ దేశంలో నా పేరు రాసిన ప్రతిచోటా కింద ఆ నంబరు రాశాను. చెయ్యి తనంతట తానే రాసుకుపోయింది!

"ఇదేమిటి, ధరా?" అంది మామ్ లూర్దెస్ భూతద్దం పెట్టి.

హాలు ఒక్కసారి గొల్లుమంది. అక్కడున్న ప్రతివాడికీ ఆ పది అంకెలేమిటో తెలుసు, ప్రతివాడి జేబులోనూ అలాంటివే ఉన్నాయి. నర్సులు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. మస్తాన్ భాయ్ నేల మీద కూలబడ్డాడు. సిగ్గుతో తుడవబోయాను. కుయా డానీ నా చెయ్యి పట్టుకుని ఆపి, కుంచె తీసుకుని, తన సంతకం కింద తన నంబరు రాశాడు. చూసుకోకుండా, ఒక్క అంకె తడబడకుండా.

ఆ బొమ్మ ఇప్పుడు వాళ్ల హాల్లోనే ఉంది. కుయా డానీ పోయిన నెల ఎగ్జిట్ మీద వెళ్లిపోయాడు. ఎగ్జిట్ పడ్డాక ఆ నంబరు ఇక పనిచెయ్యదు, ఏ ఆఫీసు కంప్యూటర్‌లో కొట్టినా మనిషి రాడు. ధహ్రాన్‌లో మాత్రం వస్తాడు. నా పక్కనే ఉంటాడు.